గీత వంగిన చోట

పోయిన వారం మహిమను సంగమిట్ట హైస్కూలు గేటు దగ్గర, చేతిలో ఫోనుతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. చేసిన పని అలాంటిది మరి.

ఇవాళే కథలోకి అడుగు పెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మహిమ ఆ బడికి వ్యాయామ ఉపాధ్యాయురాలు. పత్తికొండకు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ డ్రిల్లు మేడం. తొమ్మిదో తరగతి చదివే తనూజకు పుట్టుకతోనే చూపు లేదు. ఎండకూ నీడకూ తేడా తెలుస్తుంది, అంతే. మహిమ పాత చీర అంచుతో ఒక తాడు పేని, ఒక కొస ఆ పిల్ల చేతికీ రెండో కొస పదో తరగతి జెస్సీ చేతికీ ఇచ్చి, ఏడాదిపాటు ఇద్దరినీ కలిపి పరుగెత్తించింది. వచ్చే మంగళవారం కర్నూలులో దివ్యాంగుల జిల్లా ఎంపికలు. అన్నీ సవ్యంగా జరుగుతున్నాయనుకునే వేళ, ఒక రోజు సాధనలో జెస్సీ కాలు జారి పడింది. తాడు ఊడిపోయింది. తనూజ మాత్రం ఆగలేదు. ఒక్కతే, నేరుగా, చివరిదాకా పరుగెత్తింది. అదంతా మహిమ ఫోనులో పడింది. ఆమె సంతోషం పట్టలేక "మా తనూజ! తోడు లేకుండానే!" అని రాసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది.

నాలుగు రోజులు తిరగకముందే ఎవరో అర్జీ పెట్టారు. ఇంత నేరుగా పరుగెత్తే పిల్లకు చూపు లేదని పింఛను ఎట్లా ఇస్తున్నారని. గ్రామ సచివాలయంలో పనిచేసే ఉమామహేశ్ మహిమకు ఫోను చేసి, శనివారం పొద్దున వస్తానని, పిల్ల పరుగు తన కళ్ళతో చూసి నివేదిక రాయాలని చెప్పాడు. ఆ ఫోను పెట్టేసిన చోటే మనం ఆగాం.

శుక్రవారమంతా మహిమకు కాలు ఒక చోట నిలవలేదు. స్టాఫ్ రూములో కూర్చుంటే ఊపిరాడలేదు. గ్రౌండులోకి వస్తే ఎండ మొహాన కొట్టింది. ఆరో తరగతి పిల్లలకు విజిల్ ఊది, ఎందుకు ఊదిందో మరిచిపోయి, వాళ్ళ మొహాలు చూస్తూ నిలబడింది.

ఆ గ్రౌండు సంగతి కూడా చెప్పాలి. కాగితాల్లో అది రెండెకరాల ఆటస్థలం. కాగితం మీద గులకరాళ్ళు కనపడవు కాబట్టి అది నిజమే అయ్యుండాలి. ఏటా వచ్చే ఆటసామాను పెట్టెలో ఈసారి ఏడు క్యారమ్ స్ట్రైకర్లు వచ్చాయి, బోర్డు రాలేదు. ఒక్కో పీరియడుకు అరవై మంది పిల్లలు. అందులో వినపడని పిల్ల ఒకతి, కాలికి ఇనుప పట్టీ ఉన్నవాడు ఒకడు, చెప్పింది బుర్రకెక్కడానికి కాస్త ఎక్కువ సేపు పట్టేవాళ్ళు ఇద్దరు, తనూజ. "వాళ్ళను పక్కన కూర్చోబెట్టండి మేడం, మీకెందుకు తంటా" అని సాటి టీచర్లు మొదటి నెలలోనే సలహా ఇచ్చారు. కడపలో వ్యాయామవిద్య చదివి, జిల్లాకు రెండుసార్లు పరుగెత్తి, చివరికి ఈ గరుసు నేల మీదికి వచ్చి పడ్డ మహిమకు పక్కన కూర్చోబెట్టడమంటేనే మంట. ఆమె టమేటా బాక్సులు తెచ్చి వరసగా పెట్టి దూకించింది. బాక్సుల మీద కప్పే వలను వాలీబాల్ నెట్టు చేసింది. పాత మేజోడులో గుడ్డపేలికలు కుక్కి, ఎద్దుల మెడలో కట్టే మువ్వలు రెండు లోపల పెట్టి కుట్టి, తనూజ కోసం మోగే బంతి చేసింది. ఖోఖోలో వినపడని పిల్లకు కేక వెయ్యకపోయినా వీపు గట్టిగా తడితే చాలని తరగతి మొత్తానికి నేర్పింది. సున్నం కొనే స్తోమత బడికి లేదు గనక, బేతంచెర్ల వైపు బండలు పాలిష్ పట్టే చోట గుట్టలుగా పారేసే తెల్లపొడిని బస్తాలకెత్తి, అటు పోయే ట్రాక్టరు వాళ్ళను బతిమాలి తెప్పించి, ఆ పొడితో గీతలు పోయించింది. వానకు తడిసి ఎండకు ఎండి ఆ గీతలు సిమెంటు పూసినట్టు గట్టిపడ్డాయి.

ఇన్ని చేసిన మనిషి, ఒక్క వేలు తొందరపడి ఫోను మీద నొక్కినందుకు ఇప్పుడు లబలబలాడుతోంది.

మధ్యాహ్నం బెల్లు కొట్టాక ఓబుళేశు వచ్చాడు. తనూజ తాత. పత్తికొండ మార్కెట్లో ముప్పై ఏళ్ళు టమేటా బాక్సులు మోసి నడుం పడిపోయిన మనిషి. నడుం మీద ఒక చెయ్యి పెట్టుకుని, గేటు నుంచి గ్రౌండు దాకా నడవడానికే చాలాసేపు తీసుకున్నాడు.

"ఏం పని సేస్తివి మేడమ్మా" అన్నాడు, వస్తూనే.

"కూర్చో తాతా."

"కూర్చునేకి రాలేదు. మా వాడు ఇంకో పది దినాలకు మిరపకోతకు గుంటూరు పోతాండాడు. పెండ్లామూ పోతాది, సంటిపిల్లా పోతాది. తనూజను మాత్రం నా దగ్గర యాల ఇడిసిపెడ్తాండారో తెల్సునా నీకు? ఆ పింఛను వస్తాది గాబట్టి. నన్ను మార్కెట్లో పిలిసేవాడు ల్యాడు. ఆ దుడ్లు ఆగిపోతే పిల్లను గూడా తోలకపోతారు. ఆడ గుడిసెలో సంటిదాన్ని ఊపుకుంటా కూర్చుంటాది. బడీ ల్యా, నీ పరుగూ ల్యా."

మహిమకు ఇది తెలియని సంగతి కాదు.

"తప్పు నాదే తాతా. పాపకు చూపు లేదని డాక్టర్లు ఇచ్చిన కాగితం ఉండాది కదా. అది చూపిద్దాం."

"ఆ కాగితం వాళ్ళ దగ్గరా ఉండాది. అది సరిగ్గా ఉండాదా ల్యాదా అని సూసేకే గదా వస్తాండేది. మళ్ళీ డాక్టరు కాడికి పంపిస్తే పిలుపు ఎప్పుడొస్తాదో ఎవురికెరుక? అంతలోపల గుంటూరు లారీ ఎల్లిపోతాది." గొంతు తగ్గించాడు. "పిల్లకు సెప్పినా. రేపు పది అడుగులు పరుగెత్తు, ఆడ పడిపో. మోకాలు గీరుకుంటే ఇంకా మేలు."

"పాప చేత అబద్ధం ఆడిస్తామా తాతా?"

"అబద్ధం యాడుండాది? కండ్లు లేవనేది నిజమే గదా! దాన్ని నమ్మించేకి ఒకతూరి పడితే ఏం బోయ?"

మహిమ మనసులో నాలుగు రోజులుగా ఒక పురుగు దొలుస్తోంది. ఆ వీడియోను ఆమె ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. తాడు ఊడిపోయాక ఆ పిల్ల ఒక్క అడుగు కూడా పక్కకు వెయ్యలేదు. చూపున్న పిల్లలు కూడా అంత నేరుగా పరుగెత్తరు. సిగ్గుపడుతూనే అడిగేసింది.

"తాతా, నిజం చెప్పు. పాపకు ఏమన్నా కనపడతాదా?"

ఓబుళేశు ఆమెను ఎగాదిగా చూశాడు. "ఏడాది నుంచీ నీ సేతుల్లో ఉండాది పిల్ల. నన్నడుగుతాండావా?" అని, మళ్ళీ నడుం మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి తిరిగాడు. మహిమకు తల కొట్టేసినట్టయింది.

చివరి పీరియడులో తనూజ వచ్చింది. సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఎప్పుడూ తల కాస్త ఎడమకు వంచి వింటూ ఉంటుంది. మిగతా పిల్లలు మువ్వల బంతితో ఆడుకుంటుంటే మహిమ ఆమెను ట్రాక్ మొదట్లోకి తీసుకెళ్ళింది.

"తనూ, ఆ పొద్దు జెస్సీ పడిపోయినాక నువ్వు నేరుగా ఎట్ల పరుగెత్తితివి?"

"గీత మీద మేడం."

"గీత నీకు కనపడిందా?"

తనూజ నవ్వింది. "కనపడేదేంది మేడం? తగుల్తాది."

ఆ పిల్ల ఎడమ పాదాన్ని నేల మీద అటూ ఇటూ జరిపి చూపించింది. గీతకు ఈ పక్కన గరుసు, ఆ పక్కన గరుసు. మధ్యలో జానెడు వెడల్పున తెల్లపొడి గట్టిపడి నున్నగా ఉంది. "ఈడ సల్లగా, మెత్తగా ఉంటాది. పక్కకు పోతే రాళ్ళు కుచ్చుకుంటాయి. ఎడమకాలు మెత్తగా తగుల్తా ఉంటే నేను దారిలో ఉండానని లెక్క. జెస్సక్క తాడు పట్టుకున్నా నేను పరుగెత్తేది దీని మీదనే. అక్క ఒక్కొక్కతూరి పక్కకు లాగుతాది. ఇది లాగదు."

మహిమ బూట్లు విప్పింది. చున్నీ తీసి కళ్ళకు గట్టిగా చుట్టుకుంది. కాలు మోపగానే చల్లగా, నున్నగా తగిలింది. అయిదడుగులు వేసేసరికి రాళ్ళు గుచ్చుకుని ఎటుపోయిందో తెలియక చేతులు చాచి నిలబడిపోయింది. వెనకనుంచి తనూజ పకపకా నవ్వుతోంది. చున్నీ తడిసింది. ఆనందంతో వచ్చిన ఏడుపో, ఈ పిల్లనా నేను అనుమానించింది అనే సిగ్గో, రెండూ కలిసే వచ్చాయి.

సున్నం కొనే డబ్బుంటే సున్నం చల్లేవాళ్ళు. అది నాలుగు రోజులకే గాలికి ఎగిరిపోయేది, ఈ పిల్ల పాదానికి ఏ దారీ దొరికేది కాదు.

అక్కడికక్కడే ఉమామహేశ్‌కు ఫోను చేసింది. అతను ఓపిగ్గా విన్నాడు. మంచివాడే, మాట మెత్తన. "మీరు చెప్పేది నేను నమ్ముతా మేడం. కానీ కాలితో దారి చూసుకుంటాదని రాస్తే పైన నవ్వుతారు. నేర్పించి చెప్పించినారంటారు. నాకు కనపడింది రాయల్ల నేను. అనుమానానికి తావు లేకుండా ఏదన్నా కనపడితే, రాసేకి నాకూ ధైర్యం ఉంటాది" అన్నాడు.

తనూజ పక్కనే నిలబడి వింది. మహిమ ఫోను పెట్టేశాక మెల్లగా అంది: "తాత పడమన్నాడు మేడం."

"తెలుసు."

"నేను పడను. నడక వచ్చిన కాడినుంచీ పడకుండా ఉండేకే నేర్చుకుంటి. ఇప్పుడు పడేది నేర్చుకోవల్లనా? మీరు గీత మాత్రం బాగా పోయండి మేడం. యాభై మీటర్ల కాడ కొంచెం పెచ్చు లేసింది. ఆడ పొడి పొయ్యండి. చివరిదాకా నేరుగా ఉండల్ల."

"పోస్తా" అంది మహిమ. ఆ మాట అన్నప్పుడు ఆమె మనసులో మోసం లేదు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, రేపు ఆమెను తిట్టుకునేవాళ్ళు గుర్తుంచుకోండి.

శనివారం తెల్లవారేసరికి ఆమె గ్రౌండులో ఉంది. రెండు బస్తాల పొడి, ఒక పార, బిందెడు నీళ్ళు. యాభై మీటర్ల దగ్గర పెచ్చు లేచిన చోట వంగింది, పొడి పోసింది. లేచి నిలబడింది. ముందు గీత నేరుగా సాగిపోతోంది. ఇంకాస్త ముందుకు, దానికి ఎడమ పక్కన ఓ పదిహేను అడుగుల దూరంలో, లాంగ్ జంప్ కోసం తవ్వించిన ఇసుక గుంత ఉంది.

అనుమానానికి తావు లేకుండా ఏదన్నా కనపడితే.

ఆలోచన ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు. అది రాగానే పార కింద పడేసి, గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. పిల్లకు చెప్పి చేస్తే? చెబితే అది నాటకమవుతుంది. ఆ పిల్ల నాటకం ఆడదు, ఆడినా తెలిసిపోతుంది. చెప్పకుండా చేస్తే? చెప్పకుండా చేస్తే అందరికీ నిజం కనపడుతుంది. పింఛను ఉంటుంది, పిల్ల బడిలో ఉంటుంది, మంగళవారం పరుగెత్తుతుంది. ఒక్కసారి. ఒక్క నిమిషం. ఇసుకలో పడితే దెబ్బ తగలదు. ముసలాయన అడిగింది కూడా ఇదే కదా అని మనసు గుచ్చుతుంటే, కాదు, ఇది వేరు అని గట్టిగా చెప్పుకుంది. ఎట్లా వేరో మాత్రం చెప్పుకోలేకపోయింది.

అరవై మీటర్ల దగ్గరనుంచి పాత గీతను పారతో చెక్కేసింది. అక్కడినుంచి ఎడమకు మెల్లగా వంచి, ఇసుక గుంత దాకా కొత్త గీత పోసింది. నీళ్ళు చల్లి, పాదాలతో తొక్కి, గట్టిపరిచింది. గుంత అంచున పాతిన బండను గడ్డపారతో పెకలించి దూరంగా దొర్లించింది. ఇసుకను చేతులతో కలబెట్టి, దొరికిన ప్రతి రాయీ ఏరి పారేసింది. తొమ్మిదయ్యేసరికి ఎండకు గీత తెల్లగా ఆరిపోయింది. ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి.

జెస్సీ అందరికంటే ముందొచ్చింది. గీతను చూడగానే ఆగిపోయింది. "మేడం, ఇదేంది ఇట్ల..." అని నోరు తెరిచింది. మహిమ ఆమె వైపు చూసిన చూపుకు ఆ నోరు మూతపడింది. ఆ పిల్ల ఆ తర్వాత ఇక తల ఎత్తలేదు.

పదిన్నరకు ఉమామహేశ్ మోటారు సైకిలు మీద వచ్చాడు. ముప్పై ఏళ్ళ మనిషి, బెల్టు మీదికి పొట్ట వాలుతోంది. ఓబుళేశు అప్పటికే గోడ నీడలో కూర్చున్నాడు. ఉమామహేశ్ సూటిగా తనూజ దగ్గరికి వెళ్ళి ఆ పిల్ల ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"పాపా, నా పేరు ఉమామహేశ్. నేను నిన్ను నమ్మి రాలేదు, పరీక్ష చేసేకి వచ్చినా. అది నీకు ముందే చెప్తాండా. తప్పుగా అనుకోవద్దు."

తనూజ తల ఎడమకు వంచి వింది. "అనుకోను సార్" అంది. ఆ మొహంలో మెప్పులాంటిదేదో కనిపించింది.

"నేనూ డిగ్రీలో నాలుగొందల మీటర్లు పరుగెత్తినోడినే. ఇప్పుడు చూస్తే నమ్మరులే" అని పొట్ట తట్టుకున్నాడు. తనూజకు పొట్ట కనపడకపోయినా చప్పుడు వినపడి నవ్వింది. ఆ నవ్వు చూసి మహిమ మొహం తిప్పుకుంది. ఇప్పుడైనా చెప్పేద్దామా అనిపించింది. విజిల్ నోట్లో పెట్టుకుంది.

తనూజ గీత మొదట్లో నిలబడి ఎడమ పాదంతో నేలను తడిమి చూసుకుంది. నున్నటి పొడి తగలగానే మొహం తేటపడింది. "రెడీ మేడం."

మహిమ విజిల్ ఊదింది.

తనూజ బాణంలా దూసుకుపోయింది. మోకాళ్ళు పైకి లేస్తున్నాయి, చేతులు ఊగుతున్నాయి, ఏడాది కష్టం మొత్తం ఆ నడుములో, ఆ భుజాల్లో కనిపిస్తోంది. గోడ దగ్గర ఓబుళేశు లేచి నిలబడ్డాడు. పది అడుగులు దాటాయి, ఇరవై దాటాయి, పిల్ల పడలేదు. ముసలాయన మొహం పాలిపోయింది. యాభై మీటర్లు. అరవై దగ్గర గీత వంగింది. తనూజ కూడా వంగింది. వేగం ఒక్క పిసరు తగ్గలేదు. ఎదురుగా నేరుగా, నలభై మీటర్ల దూరంలో జెస్సీ ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. చూపున్న ఎవరైనా అటే పోతారు. తనూజ ఆ ఎర్రగుడ్డను పక్కన వదిలేసి, నోరంతా తెరిచి నవ్వుతూ, ఇసుక గుంతలోకి పరుగెత్తింది.

కాలు దిగబడింది. బోర్లా పడింది.

తనూజ మోకాళ్ళ మీద లేచి, రెండు చేతులతో ఇసుకను తడుముతోంది. అటు తడిమింది, ఇటు తడిమింది. "గీత యాడికి పోయింది? మేడం! మేడం, గీత యాడికి పోయింది?" ఆ గొంతులో ఎప్పుడూ లేని భయం. నెత్తిన ఇసుక, కళ్ళల్లో ఇసుక, చేతులు గాలిలో.

మహిమ పరుగెత్తుకుంటూ వెళ్ళింది. దారిలో ఓబుళేశు ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపాడు. కళ్ళు మెరుస్తున్నాయి. "సూస్తివా మేడమ్మా? పడనని రాత్రంతా నాతో కొట్లాడింది. కడాకు నా మాట ఇనింది. శానా బాగా పడింది!" అన్నాడు చెవిలో. మహిమకు ఆ ముసలి చెయ్యి విదిలించుకోవడానికి కూడా బలం చాల్లేదు.

ఉమామహేశ్ ట్రాక్ పొడుగునా నడిచొచ్చాడు. అరవై మీటర్ల దగ్గర ఆగి, చెక్కేసిన పాత గీతను, కొత్త గీతను చూశాడు. మహిమ అరచేతుల బొబ్బలు చూశాడు.

"నిన్న ఇట్ల లేదు కదా ఇది" అన్నాడు, పిల్లకు వినపడనంత నెమ్మదిగా.

"లేదు."

"పాపకు తెలుసునా?"

"తెలీదు."

అతను ఇసుకలో తడుముకుంటున్న పిల్లను చూశాడు. తర్వాత ఫైలు మోకాలి మీద పెట్టుకుని నాలుగు వాక్యాలు రాశాడు, సంతకం చేశాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చూపు లేదని రాసినా మేడం. పింఛను ఆగదు. ఇట్లాంటి పరీక్ష మళ్ళీ ఎవరికీ పెట్టొద్దండి" అని గేటు వైపు నడిచాడు.

గెలిచారు. పింఛను నిలిచింది, బడి నిలిచింది. మహిమ ఇంత దిగులుగా ఎప్పుడూ లేదు.

మహిమ చెయ్యి అందించినా తనూజ పట్టుకోలేదు. పాకుతూ గుంత బయటికి వచ్చి, నేలను వేళ్ళతో వెతికి, కొత్త గీతను పట్టుకుంది. దాని వెంట మోకాళ్ళ మీదనే వెనక్కి వెనక్కి జరిగింది. వంపు దగ్గరికి వచ్చింది. రెండు అరచేతులూ అక్కడ ఆనించి, ఆ వంపును కొలిచింది. చెక్కేసిన పాత గీత గరుకును కూడా తడిమింది. ఎండ మండిపోతోంది. జెస్సీ ఎర్రగుడ్డ నలుపుకుంటూ దగ్గరికొచ్చి నిలబడింది.

"జెస్సక్కా, ఇది వంకరపోయింది నీకు కనపడలేదా?"

జెస్సీ మహిమ వైపు చూసింది. ఆ మౌనాన్ని తనూజ తల వంచి శ్రద్ధగా వింది.

"మేడం. ఈ పొడి పోసింది ఎవురు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. పనివాళ్ళు పోశారనొచ్చు, వానకు కొట్టుకుపోయిందనొచ్చు. మహిమ మోకాళ్ళ మీద ఆ పిల్ల ఎదురుగా కూలబడింది.

"నేనే తనూ. నేనే వంచినా. నీ పింఛను కోసం, నిన్ను గుంటూరుకు తీసుకుపోకుండా..."

"తాత పడమన్నాడు" అంది తనూజ. ఏడవడం లేదు, అదే భయం మహిమకు. "నేను పడనని సెప్పినా. తాత నాకు సెప్పి పడమన్నాడు మేడం. మీరు సెప్పకుండా పడేస్తిరి."

లేచింది. చీర అంచు తాడు నడుముకు చుట్టుకుని ఉంది. దాన్ని విప్పి, మడతపెట్టి, మహిమ ఒళ్ళో పెట్టింది. గీత మీద కాలు పెట్టకుండా, పక్కన రాళ్ళ మీదనే, చేతులు ముందుకు చాచి గేటు వైపు నడక మొదలుపెట్టింది. కాళ్ళ కింద గరుసు గుచ్చుకుంటోంది, అయినా ఆగలేదు. మహిమ లేచి వెంట వెళ్ళింది, ముట్టుకోవడానికి ధైర్యం చాలక రెండడుగుల దూరంలో.

సగం దారిలో తనూజ ఆగి తిరిగింది. మొహం మహిమకు కాస్త పక్కగా, ఖాళీ వైపు ఉంది.

"మంగళవారం కర్నూలుకు వస్తా మేడం. పరుగు నాది, నేను ఇడిసిపెట్టను. తాడు మాత్రం జెస్సక్కకు ఇయ్యొద్దండి. మీరూ పట్టుకోవద్దండి."

"మరి ఎవరు పట్టుకోవల్ల తనూ?"

"ఆ సారు. నేను నిన్ను నమ్మి రాలేదు పాపా అని నా మొగాన్నే సెప్పినాడు. ఆయప్ప పట్టుకోవల్ల. ల్యాకుంటే నేను ఒక్కతినే పరుగెత్తుతా, యాడికన్నా పోనీ."

మహిమకు ముందు జరగబోయేది కనిపించింది. పిల్లకు చూపు లేదని ఈ పొద్దున సంతకం పెట్టిన మనిషే మంగళవారం అందరి ముందూ ఆ పిల్ల తాడు పట్టుకుని పరుగెత్తితే, అర్జీ పెట్టినవాళ్ళకు ఇంకేం కావాలి? ఇద్దరూ కుమ్మక్కయ్యారంటారు. ఆ నాలుగు వాక్యాలు చిత్తుకాగితం అయిపోతాయి. పింఛను పోతుంది, అతని ఉద్యోగం మీదికి కూడా వస్తుంది. ఇదంతా ఆ పిల్లకు చెప్పాలి. కానీ ఇవాళ ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

గేటు దగ్గర మోటారు సైకిలు స్టార్టయి ఉంది. ఉమామహేశ్ హ్యాండిల్ పట్టుకుని, ఇటే చూస్తున్నాడు. తనూజ గొంతు చిన్నది కాదు, గ్రౌండులో అడ్డమూ లేదు. ప్రతి మాటా అతనికి వినపడింది.

ఇంజను ఆగింది. అతను బండి దిగి, జేబులోంచి మడత కాగితం బయటికి తీసి, ఒకసారి చూసుకుని, ఇద్దరి వైపూ నడవసాగాడు.